సారు నిలబడిన రోజులు

కుత్బుల్లాపూర్‌లో టీచరుగా పనిచేస్తున్న నాకు, తరగతిలో కుర్చీ చూస్తే మా శామీర్‌పేట బడి సోషల్ సారే గుర్తొస్తారు. ఎవరైనా చదువు మానేస్తే, వాళ్లు తిరిగొచ్చేదాకా ఆయన ఆ కుర్చీలో కూర్చునేవారు కాదు. రోజంతా నిలబడే పాఠం చెప్పేవారు. మాకది ఉత్త మొండితనంగా తోచేది.

ఏడో తరగతిలో నేనే బడి మానేశాను. అవ్వతో పాటు చెరువు దగ్గర చేపలమ్మేదాన్ని. నాలుగో రోజు సాయంత్రం సారు అలియాబాద్‌లో మా ఇంటికి వచ్చారు. అవ్వ స్టూలు వేసినా కూర్చోలేదు.

"నడుం పట్టిందా సారూ? నూనె కాసిస్త," అంది అవ్వ జాలిగా.

సారు నవ్వలేదు. "పద్నాలుగు వందల ఏండ్ల కింద రోమ్ నగరంల ఒక పోపు ఉండె అవ్వా. క్రైస్తవుల పెద్ద గురువు. బీదోళ్లకు రోజూ అన్నం పంపుతుండె. ఒకనాడు ఒక బిచ్చగాడు ఆకలితోని సచ్చిపోయిండని తెలిసింది. తప్పు నాదేనని కొన్ని దినాలు పూజ జెయ్యలేదంటరు. గా కథ పిల్లలకు చెప్పినప్పటి సంది, ఒక్క పిల్ల బడి మానినా నాకు కుర్చీల కూసోబుద్ధి అయితలేదు."

అవ్వ స్టూలు ఇంకాస్త ముందుకు జరిపింది. "పూజ మానేస్తే సచ్చినోడు లేసిండా?"

"లేవలే. ఆయనకు ఇగ తప్పు దిద్దుకునే మోకా లేకుండె. నాకుంది. నీ మనుమరాలు గిక్కడ్నే ఉంది."

అవ్వ నా చేతిలోని తక్కెడ తీసుకుని పక్కన పెట్టింది. "రేపు బడికి తోల్త. ఇగనన్న కూసో సారూ."

"రేపే కూసుంట," అని ఆయన వాకిలి దాటారు.