నేనివ్వని కొలతలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది జరిగాక కూడా కలగలేదు. నేను సైన్యంలో మేజర్‌ని, ఇంజనీరింగ్ విభాగం. మా రిపోర్టుల్లో "అనిపించింది" అని రాయడానికి ఉండదు. ఎక్కడ, ఎన్నింటికి, చూసిందెవరు, అంతే. దీన్ని కూడా అలాగే రాస్తాను.

మాది అల్లవరం దగ్గర. శాంతి దళంతో పాటు నన్ను ఏడాదికి దక్షిణ సూడాన్ పంపారు. నా భార్య సునీత పాపని పెట్టుకుని అమలాపురంలో అద్దె ఇంట్లో ఉండేది.

అక్కడ నేను యుద్ధం చేశాననుకునేవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు. నేను చేసింది గట్లు వేయించడం. వరద నీళ్ళు జనం ఉండే శిబిరాల మీదికి రాకుండా మట్టి పోయించడం, గండి పడితే పూడ్పించడం. పొద్దున్న అయిదింటికి పరుగు. తర్వాత బళ్ళు చూసుకోవడం, జనరేటర్లకి డీజిల్, తాగే నీళ్ళ పరీక్ష. పగలంతా గట్టు మీదే. నల్లమట్టి బూట్లకి పట్టుకుంటే కత్తితో గీకాలి. డబ్బా కూరలు తినలేక పప్పుచారు కాచుకునేవాళ్ళం. మధ్యాహ్నం భోజనం కాగానే, అంటే ఇక్కడ నాలుగు దాటాక, సునీతకి వీడియో కాల్. ఏ రోజు చూసినా ముందు రోజులాగే ఉండేది.

నాలుగో నెలలో ఒక రోజు సునీత ఫోనెత్తగానే, "ఎక్కడున్నారండీ?" అంది.

"క్యాంపులో. ఇంకెక్కడుంటాను?"

"నిజం చెప్పండి."

దర్జీ వీర్రాజు ఆమెకి ఫోన్ చేశాడట. నా పెళ్ళి బట్టల దగ్గర్నుంచీ నాకు కుట్టేది అతనే. సార్ ప్యాంటు అయిపోయింది, పట్టుకెళ్ళమన్నాడు. పొరపాటు పడ్డాడేమోనని వెళ్ళింది. అతను కొలతల పుస్తకం తీసి చూపించాడు. అంతకు ముందు సోమవారం తారీఖు, నా పేరు. సార్ స్వయంగా వచ్చారనీ, ఎడమ చేతికి కట్టు ఉందనీ చెప్పాడు.

"సెలవు మీద వచ్చేరు. నాకు చెప్పలేదు. ఎవరింట్లో దిగేరు?" అంది సునీత.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

రెండు చేతులూ కెమెరా ముందు పెట్టాను. చిన్న గీత కూడా లేదు. "కట్టు విప్పేసుంటారు. ఫోన్ బయటికి పట్టుకెళ్ళి ఆ క్యాంపేదో చూపించండి," అంది. క్యాంపు వీడియోలో చూపించడానికి మాకు వీల్లేదు. అదే చెప్పాను. "చూపించలేరు కదా," అని పెట్టేసింది. నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు.

నా అనుమానం వేరు. నాలా ఉన్న మనిషెవడో నా పేరు చెప్పుకుని మా ఇంటి చుట్టుపక్కల తిరుగుతున్నాడు. సైన్యంలో ఇది చిన్న విషయం కాదు. మా సెక్యూరిటీ ఆఫీసరుకి రాసిచ్చాను. ఆయన ముందు నా మీదే విచారణ చేశాడు. ఆ సోమవారం బళ్ళ రాకపోకలు రాసే పుస్తకంలో మూడు చోట్ల నా సంతకం ఉంది. గట్టు తనిఖీ ఫోటోలో పాతిక మంది మధ్య నేనున్నాను. అనుమతి తీసుకుని ఆ ఫోటో సునీతకి పంపాను. "ఫోటో ఏ రోజుదైనా కావచ్చు," అని జవాబొచ్చింది.

ఆ గొడవ చల్లారక ముందే, పదకొండు రోజులకి, గట్టు రాళ్ళని బిగించే ఇనప తీగ తెగి నా ఎడమ అరచేతిని అడ్డంగా కోసేసింది. ఏడు కుట్లు పడ్డాయి. డాక్టరు కట్టు కడుతున్నంతసేపూ నొప్పి సంగతే తెలియలేదు. ఆ కట్టునే చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో చెప్పలేదు. ఏమని చెప్పను? అప్పటికి సునీత పాప కోసమని మళ్ళీ మాట్లాడుతోంది. ఆ చెయ్యి బల్ల కింద పెట్టుకుని మాట్లాడేవాణ్ణి. అయిదో రోజు పట్టేసింది.

"ఎడమ చెయ్యి ఎందుకు దాస్తున్నారు?"

చూపించాను. మొహం ఫోన్‌కి దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత, "బొటనవేలు బయటికి, మిగతా నాలుగూ కలిపి. వీర్రాజు చెప్పిన కట్టు ఇదేనండి," అంది. గొంతులో కోపం లేదు. భయం ఉంది.

మధ్యలో సెలవు తీసుకోకుండా ఏడాది పూర్తి చేశాను. ఇల్లు చేరిన సాయంత్రమే సునీత నా పాస్‌పోర్ట్ అడిగింది. ఇచ్చాను. ఒక్కో పేజీ తిప్పింది. వెళ్ళినప్పటి ముద్రలు, వచ్చినప్పటి ముద్రలు, అంతే. పాస్‌పోర్ట్ మంచం మీద పెట్టి ఏడ్చింది. "ఇన్నాళ్ళూ మిమ్మల్నేం అనుకున్నానో నాకే తెలుసండి," అంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకుని ఉండేవాణ్ణి.

తర్వాత బీరువాలోంచి ఆ ప్యాంటు తీసింది. వెళ్ళేముందు నా నడుం ముప్పై ఆరు. అక్కడి ఎండలకి రెండంగుళాలు తగ్గాను. ప్యాంటు నాకు సరిగ్గా సరిపోయింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరం వీర్రాజు కొట్టుకి వెళ్ళాం.

"రండి సార్. ఏంటండీ, ప్యాంటేమైనా తేడా వచ్చిందా?"

"వీర్రాజూ, ఆ రోజు వచ్చింది నేనేనా?"

నవ్వబోయి, మా మొహాలు చూసి ఆగాడు. "అదేం మాటండీ! నడుం తగ్గిపోయేరేంటండీ అని కూడా అన్నాను. మీరు పలకలేదు. కాళ్ళకి నల్లమట్టి ఉంటే, రొయ్యల చెరువు మీంచి వస్తున్నారా అనడిగేను. గట్టు మీంచి అన్నారు."

అతను అబద్ధం చెబుతున్నాడేమో, ఎవరైనా చెప్పిస్తున్నారేమో అని అదే ప్రశ్న నాలుగు రకాలుగా అడిగాను. ఒక్క మాట మారలేదు. కొలతల పుస్తకం వెలుతురులో పెట్టి చూశాను. పైన వేరే వాళ్ళ కొలతలు, కింద వేరే వాళ్ళవి, మధ్యలో నావి. నడుం ముప్పై నాలుగు. తర్వాత ఇరికించిన రాత కాదు.

లేచి వచ్చేస్తుంటే వీర్రాజు అడిగాడు. "రెండోది బాగా కుదిరిందాండీ?"

"రెండోదేంటి?"

"రెండు గుడ్డలిచ్చేరు కదండీ. రెండోది నేనే నెలల తరబడి ఆలస్యం చేసేను. మొన్న గురువారం మీరే వచ్చి పట్టుకెళ్ళేరు. కట్టు తీసేసేరు అప్పటికి. ఇక్కడ మచ్చ ఉంది," అని తన ఎడమ అరచేతి మీద వేలితో అడ్డంగా గీసి చూపించాడు.

నా ఎడమ చెయ్యి జేబులో ఉంది. లోపలికి వచ్చినప్పటి నుంచీ బయటికి తియ్యలేదు. ఆ గురువారం నేనింకా ఆఫ్రికాలోనే, సామాన్లు అప్పగించి సంతకాలు పెడుతున్నాను.

ఆ కొట్లో కెమెరా లేదు. ఎదురు కొట్లో ఉంది కానీ పనిచేయడం లేదు. పక్క కొట్ల వాళ్ళని అడిగితే గమనించలేదన్నారు. వీర్రాజుకి నాతో ఏ తగాదా లేదు. నాకు తెలిసిన దారులన్నీ అక్కడికి అయిపోయాయి.

ఆటో ఎక్కాక సునీత రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ మొహాలే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"ఆయన ఎక్కడికెళ్ళుంటారండీ?"

"వాడు" అనలేదు. నా గురించి నలుగురిలో చెప్పేటప్పుడు ఎలా అంటుందో, అలాగే "ఆయన" అంది.

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.