వీరవేణికి నేను తగ్గించిన మార్కులు

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేక ఇరవై ఏళ్లకు పైగా దీన్ని గొంతులో ముల్లులా పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఇంట్లోనూ, ఆఫీసులోనూ నన్ను నిజాయతీ గల మనిషి అంటారు. ఆ మాట వినపడినప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. అన్నవాళ్ల మీద కాదు, నా మీద. ఒక్కోసారి వాళ్ల మీద కూడా.

తొంభైల చివర్లో మేం నలుగురు ఆడపిల్లలం అమలాపురంలో గ్రూప్-1 పరీక్షకి కలిసి చదివేవాళ్లం. మాది కొత్తపేట దగ్గర ఊరు. వరిచేలూ కొబ్బరితోటలూ ఉన్న ఇల్లు. అమలాపురంలో మా పిన్నిగారింట్లో ఉండేదాన్ని. వీరవేణిది మురమళ్ళ దాటాక ఏటి ఒడ్డు. వాళ్ల నాన్న పడవ మీద చేపల వేటకెళ్లేవాడు. ఆమె రోజూ బస్సెక్కి వచ్చేది. నాకన్నా మూడేళ్లు చిన్న. పుస్తకాలు కొనలేక నావి పట్టుకెళ్లేది, అట్ట నలగకుండా తెచ్చిచ్చేది. నేనెంత మంచిదాన్నో అని మురిసిపోయేదాన్ని. నాకు ఇష్టమైంది ఆ పిల్లేనా? లేక ఆ పిల్ల దగ్గర నాది పైచెయ్యి కావడమా?

ప్రిలిమ్స్ రాసొచ్చిన మర్నాడు ఉదయం పిన్నిగారి వరండాలో చాప పరుచుకుని కూర్చున్నాం. ఇప్పట్లా ఫోను తెరిస్తే జవాబులు దొరికే కాలం కాదు. కీ మేమే తయారుచేసుకోవాలి. పెట్టిన జవాబులన్నీ ప్రశ్నపత్రం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుని తెచ్చుకున్నాం. పుస్తకాలు ముందేసుకుని, అది బీ అని ఒకరూ సీ అని ఒకరూ కొట్టుకున్నాం. తెగని ప్రశ్నలకి తీర్పు నాదే. చివరికి నాకు నూట యాభైకి తొంభై ఒకటి తేలాయి. గట్టెక్కుతాననుకున్నాను. మిగతా ఇద్దరివీ ఎనభై దాటలేదు. వాళ్లు మొహాలు వేలాడేసుకుని బస్సుకి వెళ్లిపోయారు.

వీరవేణి తన పేపరు నా చేతిలో పెట్టింది. "అక్కా, గుండె దడదడలాడిపోతుందండి. మీరే చూసి చెప్పండి" అని, పిన్నిగారికి సాయం చేస్తానని వంటింట్లోకి పోయింది.

నూట ఒకటి వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను. నూట ఒకటే.

సంతోషం వేయాలి కదా? వేయలేదు. నా పుస్తకాలు చదివి నన్నే దాటిపోతుందా అనిపించింది. కాదు, ఇక్కడ కూడా మెత్తగా రాస్తున్నాను. చేపలు పట్టేవాళ్లమ్మాయి నన్ను దాటిపోతుందా అనుకున్నాను. సరిగ్గా ఈ మాటే అనుకున్నాను.

ఆమె కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చింది.

"ఎన్నొచ్చేయండి అక్కా?"

"డెబ్బై ఆరు."

"అంతేనాండీ?"

"రెండుసార్లు చూశాను, వీరవేణీ."

"ఆయ్. మీరు చూసేరంటే ఇంక తప్పుండదండి."

రెండుసార్లు చూశానన్నది నిజం. నేనన్న మాటల్లో నిజం అదొక్కటే.

ఆ పేపరు తీసుకుని తనే ఒకసారి చూసుకుంటే ఏం పోయేది? చాలా ఏళ్లు నాకు ఆమె మీద ఈ కోపం ఉండేది. అంతలా ఎందుకు నమ్మింది, ఎవరు నమ్మమన్నారు అని లోపల తిట్టుకునేదాన్ని. చూడండి ఎంత నీచమో. మోసం చేసింది నేను, తప్పు పట్టింది నమ్మినదాన్ని.

వాళ్ల అన్నయ్య ఆమెకి ఒక్క అవకాశమే ఇచ్చాడు. ఈసారి రాకపోతే రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో పనికి పోవాలి. వారం తిరక్కుండా చేరిపోయింది. పోయేముందు మెయిన్స్ కోసం రాసుకున్న నోట్సులన్నీ సంచిలో పెట్టి తెచ్చి నాకిచ్చింది. "నాకింక దేనికండీ, మీరు చదువుకోండి" అంది. తీసుకున్నాను. చదివాను. నా నోట్సుల కన్నా అవే బాగున్నాయి.

రెండు నెలలకి ఫలితాలొచ్చాయి. పేపర్లో ఇద్దరి నంబర్లూ ఉన్నాయి. మెయిన్స్‌కి నలభై రోజుల పైచిలుకు ఉంది. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది. "మన కీయే తప్పయ్యుంటదండి అక్కా! మీరు మాత్రం ఏం చేస్తారు!" అంటూ నన్నే ఓదార్చింది. తర్వాత మొహమాటపడుతూ నోట్సులు అడిగింది.

ఇక్కడ ఆగి ఉండొచ్చు. చేసినదాన్ని దిద్దుకునే దారి నా ఇంటి గుమ్మంలోకే వచ్చింది. కానీ నేను, సగం నోట్సులు మా మావయ్యగారమ్మాయి పట్టుకెళ్లిందని, తెప్పిస్తానని చెప్పాను. అవి నా మంచం కింద ఉన్నాయి. మూడు వారాల తర్వాత ఇచ్చాను. మొదటిది ఒక్క క్షణంలో నోరు జారిన అబద్ధమని చెప్పుకుందామన్నా, ఈ మూడు వారాలను ఏమని చెప్పుకోను? రోజూ పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి, రోజూ మళ్లీ చేశాను.

నేను ఆఫీసర్నయ్యాను. ఆమెకి మెయిన్స్ పోయింది. మళ్లీ నోటిఫికేషన్ పడ్డా వాళ్ల అన్నయ్య ఇంకో అవకాశం ఇవ్వలేదు. మా ఊళ్లో నాకు సన్మానం చేశారు. మా నాన్నగారు మైకు పట్టుకుని మా రక్తంలోనే ఉంది చదువు అన్నారు. ఆ మైకు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. శాలువా కప్పించుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకి, నేను కోనసీమలో పనిచేస్తున్నప్పుడు, అర్జీల రోజున వరసలో వీరవేణి కనిపించింది. హేచరీ మూతపడిందట. తుఫానుకి వాళ్ల నాన్న పడవ పోయిందట, సాయం అందలేదట. నన్ను చూసి మొహం విప్పారింది. కానీ అక్కా అనలేదు. "నమస్కారమండి మేడమ్ గారూ" అంది. పక్కనున్న గుమాస్తాతో, "ఈ మేడమ్ గారే నాకు పుస్తకాలిచ్చి చదివించేరండి" అని గర్వంగా చెప్పింది. అతను నావైపు భక్తిగా చూశాడు. నేను తల దించుకుని అర్జీ మీద సంతకం పెట్టాను. నా బల్లకి ఆవలివైపు ఆమె నిలబడే ఉంది. కుర్చీ చూపించడం కూడా మరిచిపోయాను.

ఆ రోజు చెప్పాల్సింది. ఆ తర్వాతైనా చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? తిడుతుందనా? తిడితే బాగుండును. నా భయం అది కాదు. క్షమించేస్తుంది. "ఫర్లేదులెండి అక్కా, అయిపోయిందేదో అయిపోయింది" అంటుంది. ఆ మాట తీసుకోవడానికి కూడా నేను చెయ్యి చాపుతాను. నాకు తెలుసు నా సంగతి.

అందుకే ముందు మీకు చెప్పాను. మీరు నన్ను క్షమించే పని లేదు, నేను అడగనూ లేదు. అది లెక్కలో పొరపాటు కాదు. తెలిసే చేశాను. ఇన్నేళ్లలో ఈ రెండు మాటలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి రాయగలిగింది ఈవేళే. రాశాక కాసేపు కలం పక్కన పెట్టి ఊపిరి తీసుకున్నాను.