తెలిసీ ఊరుకున్న రెండు రోజులు

మొన్న మంగళవారం పంజాగుట్టలో ఒక కంప్యూటర్ల దుకాణంలో, యాభై దాటిన ఈ వయసులో, కౌంటరు మీద అరచేత్తో చరిచి మరీ పోట్లాడి వచ్చాను. మా అక్క కొడుకు ఉత్సాహం కొద్దీ నా డెస్క్‌టాప్‌లో ర్యామ్, అంటే మెమరీ, వేగం పెంచే సెట్టింగు మార్చిపోయాడు; ఆపైన ఫ్యాను తిరగడమే తప్ప తెర మీద వెలుగన్నది లేదు. నడుం నొప్పితో డబ్బా విప్పే ఓపిక లేక దుకాణానికి పట్టుకెళితే, అక్కడి మనిషి మూతైనా తీయకుండా, "మదర్‌బోర్డు పోయింది మేడం, కొత్తది వెయ్యాలె" అనేశాడు. పోట్లాడిన ఊపులో నడుం నొప్పి మరిచి ఇంటికి తెచ్చి, కరెంటు తీగ పీకి, నేనే డబ్బా విప్పి, బోర్డు మీది గుండ్రటి చిన్న బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్ళీ పెట్టాను. మార్చిన సెట్టింగులన్నీ చెరిగిపోయి, కంప్యూటరు మామూలుగా లేచింది. నా కోపమే దిగలేదు.

ఎందుకంటే అది పాతికేళ్ళ కోపం.

అప్పట్లో అమీర్‌పేట సందుల్లో అడుగుకో కంప్యూటరు కోర్సు బోర్డు వేలాడేది, మీలో కొందరు ఆ మెట్లెక్కే ఉంటారు. భీమవరం నుంచి వచ్చి, ఆడపిల్లకు స్క్రూడ్రైవరెందుకని అందరూ అంటున్నా హార్డ్‌వేర్ నేర్చుకున్న నాకు, అక్కడే దుకాణం నడిపే మా బాబాయి, అంటే పిన్ని భర్త, పని ఇచ్చాడు. పని నేర్పింది కూడా ఆయనే. మెమరీ కుదరనప్పుడు మిషను వేసే కూతల్ని ఆయన పక్క గదిలోంచి విని పోల్చుకునేవాడు.

ఒకరోజు ఎస్.ఆర్. నగర్‌లో హాస్టలు పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసి బతికే ఒకావిడ, కంప్యూటరును ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఎవరో చెబితే విని మెమరీ వేగం మార్చిందట, అంతే, లేవడం మానేసింది. నేను బోర్డు మీద సెట్టింగులు చెరిపే చిన్న పిన్ను జరిపి చూశాను. ఒక్క నిమిషంలో తెర వెలిగింది. ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. బాబాయి వచ్చి చూసి, నా చేతిలోంచి కీబోర్డు లాక్కుని, పాత తప్పు సెట్టింగులే మళ్ళీ పెట్టి ఆర్పేశాడు. "ఇది మనిద్దరి మధ్యే ఉండాలమ్మాయ్" అని నాతో అని, బయటికెళ్ళి ఆవిడతో బోర్డు కాలిపోయిందనీ కొత్త మిషను కొనుక్కోవలసిందేననీ నిదానంగా చెప్పాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను తల దించుకుని స్క్రూలు బిగించాను. ఆవిడ డబ్బాను మళ్ళీ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున్నే ఆవిడ గది వెతుక్కుంటూ వెళ్ళి, డబ్బా విప్పి, పిన్ను జరిపి లేపి ఇచ్చాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "అయితే గా రోజే నీకు ఎర్కనా?" అంది.

తెలుసన్నాను.

"పరీక్షల ముంగట రిపోర్టులు టైపు చేపిచ్చుకునే పిల్లలంతా నిన్ననే వేరే సెంటరుకు పోయిన్రు. సంవత్సరమంతా నాకు గా పనే ఆధారం." అనేసి, తలుపు తీసి పట్టుకుని నిలబడింది, నేను బయటికి వచ్చేదాకా.

అటునుంచటే దుకాణానికెళ్ళి తాళంచెవులు బాబాయి బల్ల మీద విసిరేశాను. ఇన్నాళ్ళూ అన్నం పెట్టినవాణ్ణి దొంగంటావా అని ఆయన, అంటానని నేను. ఆ తర్వాత పిన్ని మా అమ్మతో మాట్లాడటం మానేసింది, తను పోయేదాకా మాట్లాడలేదు. అందుకూ ఆయన మీదే కోపం నాకు.

ఇప్పుడు ఆ సందుల పక్కగా మెట్రో పోతోంది, ఆవిడ గది ఉన్నచోట ఐదంతస్తుల హాస్టలు లేచింది. ఆవిడేమైందో ఎవరికీ తెలియదు. ఈమధ్య కొన్ని మిషన్లు మెమరీ వేగం సరిపడకపోతే రెండు మూడుసార్లు ప్రయత్నించి, తమంతట తామే పాత వేగానికి తిరిగిపోతున్నాయి. నాలాంటి మెకానిక్ నిజం చెబుతుందో లేదోనని ఎవరూ బెంచీ మీద ఎదురుచూడక్కర్లేదు. మంచి మార్పే. బాబాయి మీద కోపం ఆయన పోయాక కొంచెం తగ్గింది కూడా. ఆ రెండు రోజులూ నోరు విప్పని ఆ పిల్ల మీదే, ఇప్పటికీ తగ్గలేదు.