కొత్త బంతి బావ చేతికిచ్చిన రోజులు

మొన్న సాయంత్రం మా మనవరాలు నా పక్కనే కూర్చుని, ఫోనులో ఏదో క్రికెట్ పోటీకి తన జట్టును తానే ఎంచుకుంటూ, దేశమంతా మెచ్చుకునే ఒక ఫాస్ట్ బౌలరును తీసి పక్కన పెట్టేసింది. అంత మంచి ఆటగాణ్ణి ఎందుకు వదిలేశావే అని అడిగితే తల ఎత్తకుండానే, "అందరూ ఆయన్నే తీసుకుంటున్నరు అమ్మమ్మా, ఆయన మంచిగ ఆడితే నాకేం మిగుల్తది?" అంది. అచ్చంగా ఈ మాటే అరవై ఏళ్ల కింద బొగ్గు గనుల మందమర్రిలో మా మేనమామ నోట విన్నాను. ఆ మాట పట్టుకుని నేను చేసిన పని మా ఇంట్లో ఎంత కలత తెచ్చిందో నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చుననిపించింది.

మా బాపు గని దవాఖానాలో కంపౌండరు. చర్చిలో పెద్దమనిషి కూడా. ఆదివారం ఆరాధన అయిపోగానే ఆ తెల్లబట్టలతోనే మైదానానికి వెళ్లి, మా గని జట్టు ఆడే మ్యాచీలకు స్కోరు రాసేవాడు. గీత తప్పకుండా, కొట్టివేత లేకుండా ఆయన రాసే పుస్తకాన్ని చూసి బయటి గనుల వాళ్లు కూడా మెచ్చుకునేవారు. ఆయన కండ్లకు పొరలు కమ్మడం మొదలయ్యాక, కాలనీ బడిలో అప్పుడే పంతులమ్మగా చేరిన నేను పక్కన కూర్చుని, ఆయన చెప్పినట్టు రాయసాగాను. ఇరవై ఏళ్ల పిల్ల మగవాళ్ల మధ్య కూర్చుని స్కోరు రాయడమేమిటని కొన్నాళ్లు గుసగుసలు నడిచాయి గానీ, పక్కన కంపౌండరు ఉన్నాడు గనక ఎవరూ పైకి అనలేదు.

మైదానం అవతల ఒక టీ హోటలు ఉండేది. దాని యజమాని మ్యాచీల మీద పందేలు కట్టించుకునేవాడు. అతని పద్ధతి ఒక్కటే. మా కెప్టెన్ కొత్త బంతి ఎవరి చేతికిస్తాడో తెలిశాకే మా జట్టు మీద రేటు చెప్పేవాడు. బంతి పట్నం నుంచి వచ్చిన సర్వేయరు చేతికి వెళ్తే మనం గెలిచినట్టేనని అందరి నమ్మకం. అందుకని ఆ రోజు రూపాయి పెట్టినవాడికి గెలిస్తే పావలా లాభం వచ్చేది. సర్వేయరు డ్యూటీ మీద ఎటైనా వెళ్లిన ఆదివారం బంతి మా బావ చేతికి వచ్చేది. అప్పుడు రూపాయికి మూడు రూపాయల లాభమని అరిచినా పెట్టేవాళ్లు తక్కువ.

బావ అంటే మా అక్క భర్త. మంథని వైపు పల్లె నుంచి వచ్చి గనిలో తట్టతో బొగ్గు ఎత్తి తొట్లలో నింపే పనిలో చేరాడు. మిషన్ హాస్టలులో నాలుగో తరగతి దాకా చదువుకుంటూ కార్కు బంతితో ఆట నేర్చాడట. ఆయన వేసే బంతికి పెద్ద వేగం ఉండేది కాదు, కానీ పిచ్ మీద పరిచిన చాపకు తగిలాక ఎటు తిరుగుతుందో ఆయనకే తెలిసేది. ఆ సంబంధం తెచ్చింది మా మేనమామ. గుమాస్తా అల్లుడు కావాలనుకున్న బాపుకు అది నచ్చలేదు. అక్క ఇష్టపడిందని పెళ్లికి ఒప్పుకున్నాడు గానీ, రెండేళ్లయినా వాళ్ల క్వార్టరు గడప తొక్కలేదు, బావను వరస పెట్టి పిలవనూ లేదు. ఆ పిలుపు కోసం అక్క లోలోపల ఎంత ఎదురుచూసేదో నాకు తెలుసు.

గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసే మా మేనమామకు పందేల పిచ్చి. ఒక పండుగనాడు మా ఇంట్లో భోంచేసి, బాపు కునుకు తీస్తున్న వేళ స్కోరు పుస్తకం ముందు పెట్టుకుని నన్ను పిలిచాడు. "బిడ్డా, గీ బుక్కుల ఎవ్వనికి ఎన్ని వికెట్లు పడ్డయో ఉన్నది గని, ఎవ్వని మీద పైస పెడితే మనకేం మిగిలిందో లేదు గద. జర చూసి చెప్పు" అన్నాడు. సర్వేయరే కదా మామా గొప్ప అంటే నవ్వి, అందరూ గొప్పోడన్నోడు గెలిస్తే మనకు మిగిలేదేముంది అన్నాడు. ఏ మ్యాచీకి హోటలువాడు ఏ రేటు చెప్పాడో మామకు కంఠస్థం. ఆయన చెబుతుంటే నేను రెండేళ్ల మ్యాచీలు తిరగేశాను. సర్వేయరు మొదటి ఓవరు వేసిన పదకొండింటిలో ఎనిమిది గెలిచాం, బావ వేసిన పదకొండింటిలో ఐదే గెలిచాం. కానీ ప్రతిసారీ ఒక్కో రూపాయి పెట్టి ఉంటే సర్వేయరు మీద చివరికి ఒక రూపాయి పోయేది, బావ మీద తొమ్మిది రూపాయలు మిగిలేవి. రెండుసార్లు సరిచూసుకున్నాను. బావ ఒక్కదాంట్లోనైనా అందరికంటే ముందున్నాడని నాకెంత సంతోషమైందో! కాగితం మీద పొందికగా రాసి, బావ పేరు కింద గీత కూడా గీసి మామకిచ్చాను. అది పందెమన్న సంగతే ఆ క్షణాన నాకు తోచలేదు.

మామ నోట్లో మాట దాగదు. వారంలో ఆ కాగితం సంగతి కాలనీ అంతా తెలిసింది. జనం బావ మీద పందెం కట్టడానికి ఎగబడ్డారు, హోటలువాడు రేటు మూడు రూపాయల నుంచి ముప్పావలాకు, తర్వాత పావలాకు దించాడు. సర్వేయరు ఊళ్లో ఉన్నా సరే బంతి బావకే ఇవ్వాలని కెప్టెన్‌ను సతాయించేవారు. వరసగా మూడు మ్యాచీలు గెలిపించాడు బావ. ఇదివరకటికంటే బాగా వేస్తున్నాడని సర్వేయరే అన్నాడు. అయినా అంత ఆటకూ పావలాలే రాలుతుంటే పెట్టేవాళ్లు మరీ ఎక్కువ పెట్టసాగారు. నాలుగో ఆదివారం, రాత్రి షిఫ్టు దిగి సరిగా కన్ను మూయకుండానే వచ్చిన బావ చేతిలో బంతి తిరగలేదు. ఓడిపోయాం. తిట్లతో పాటు మట్టిబెడ్డలు కూడా వచ్చి మైదానంలో పడ్డాయి. బెడ్డలు బాపు కంటికి ఆనలేదు గానీ తిట్లన్నీ విన్నాడు.

మర్నాడు నల్లా దగ్గర ఒకామె, ఆరు నెలల గర్భంతో ఉన్న మా అక్కను పట్టుకుని, "నీ మొగని మీద వెట్టి మావోడు నా పండుగ చీర పైసలు పోగొట్టిండు" అని ఏడ్చిందట. అక్క బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రమే బావ కాన్వాసు బూట్లు కెప్టెన్‌కు తిరిగిచ్చేసి, ఇక ఆడనని చెప్పాడు.

నాకు అన్నం సహించలేదు. రెండు రోజులు ఓర్చుకుని వాళ్ల క్వార్టరుకు వెళ్లి, ఆ కాగితం రాసింది నేనేనని బావ ముందు చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. మామ దగ్గర నుంచి తెప్పించుకున్న ఆ కాగితాన్ని గూట్లోంచి తీసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "గిండ్ల నేను ఓడినయి ఆరు. గా ఆరింటికి గుడ మీ అక్క వచ్చి ఎండల కూసున్నది. దానికేం మిగిలిందో రాయకపోతివి" అన్నాడు. పొయ్యి దగ్గరున్న అక్క ఇటు తిరగకుండానే, "ఊకో, పిల్ల ఏడ్వవట్టె" అంది. నిజంగానే ఏడుస్తున్నాను.

ఇంటికొచ్చి బాపుకూ చెప్పుకున్నాను. చర్చి పెద్ద కూతురు పందేలకు లెక్క కట్టిందంటే ఆయనకెంత తలవంపో తెలిసి, ఏ శిక్షకైనా సిద్ధపడ్డాను. మర్నాడు డ్యూటీ దిగాక ఆయన, తనను అక్క వాళ్ల ఇంటికి తీసుకుపొమ్మని నాతో అన్నాడు. చూపు ఆనక నా భుజం పట్టుకుని నడుస్తూ, రెండేళ్లలో మొదటిసారి బాపు ఆ గడప తొక్కాడు. అక్క హడావిడిగా తెచ్చిన టీ సగం పళ్లెంలోనే ఒలికింది. బాపు ఆ కాగితం అడిగి తీసుకుని, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చివరి దాకా చదివాడు. "గీ ఐదు గెలుపులు నా చేతుల మీదనే బుక్కుల ఎక్కినయి. ఒక్కటన్న నా మనసుకు రాలే" అని, కొంచెం ఆగి, "ఆదివారం వస్తవా అల్లుడా?" అన్నాడు. బావకంటే ముందు అక్కే జవాబు చెప్పింది. "వస్తడు బాపు."

అనుకున్నట్టు ఆ ఆదివారమే కుదరలేదు. కాన్పు, బాలింత రోజులు గడిచి బావ మళ్లీ మైదానంలోకి వచ్చేసరికి చలికాలం వచ్చింది. పాత ఓటమిని ఎవరూ మరువలేదు. హోటలువాడు రూపాయికి ఐదని అరిచినా ఒక్కడూ ముందుకు రాలేదు. ఇక పందెం జోలికి పోనని అక్క బిడ్డ మీద ఒట్టు వేసిన మామ చెయ్యి మాత్రం జేబు దాకా పోయి, ఉత్తదే బయటికి రావడం నేను చూశాను. ఆ రోజు బావ చేతిలో బంతి చెప్పినట్టు విన్నది. ఐదు వికెట్లు ఆయనవే. మొత్తం కాలనీలో ఒక్కరికీ నయాపైసా రాని గెలుపు అది, అయినా జనం చేసిన గోలకు అక్క ఒళ్లోని పసివాడు ఉలిక్కిపడి లేచాడు. బాపు నన్ను ప్రతి వికెట్టుకూ మళ్లీ మళ్లీ అడిగాడు, "ఎట్లేసిండు, ఎట్లేసిండు" అని.

ఒక విషయం చెప్పడం మరిచాను. బావ మీద మొదటి బెడ్డ విసిరింది నల్లా దగ్గర చీర పైసల కోసం ఏడ్చిన ఆమె భర్తేనట. మర్నాడు వాళ్లిద్దరూ ఒకే షిఫ్టు. గనిలోకి దిగేముందు దీపాలు తీసుకునే చోట ఎదురుపడి, ఒకే తొట్టి పక్కన ఎనిమిది గంటలు పనిచేయాల్సి వచ్చింది. రెండు రోజులు అతను తలెత్తలేకపోయాడని, మూడో నాడు తన టిఫినులోని జొన్నరొట్టె సగం తుంచి చేతిలో పెట్టాడని బావ ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పాడు.

బాపు, మామ, బావ, చివరికి అక్క కూడా వెళ్లిపోయారు. నిరుడు వెళ్లి చూస్తే మైదానమున్న చోట గని తవ్విపోసిన మట్టిగుట్ట ఉంది. పందేలు అప్పుడూ ఉన్నాయి, ఆశలు అప్పుడూ ఇంతే, మేమేమీ పుణ్యాత్ములం కాదు. కాకపోతే ఆదివారం ఎవరిని తిట్టామో సోమవారం పొద్దున వాళ్ల ముఖం చూడక తప్పేది కాదు. ఇప్పుడు ఓడిన కుర్రాణ్ణి లక్షల మంది తిడతారు, అందులో ఒక్కరికీ అతని ముఖం చూడాల్సిన బాధ లేదు.