పాసింజరు పోయినంక, నీళ్ళ ట్యాంకు

మా డ్రాయింగు సారు పోయారని జనగామ నుంచి తమ్ముడు కార్డు రాశాడు. అది మహబూబాబాదులో నా చేతికి అందేసరికి అంతా అయిపోయి నాలుగు రోజులైంది. చివరిచూపు దక్కలేదు. రైలెక్కితే పూట తిరక్కుండా చేరే దూరంలో ఉండి కూడా పోలేకపోయానే అని ఆ కార్డు పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాను. ఏడుపు ఆగలేదు. ఆయన నాకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. చదువు చెప్పిన మనిషి, అంతే.

డ్రాయింగు మాస్టర్లంటే మామిడిపండూ, చిలకా గీయిస్తారు కదా. మా సారు మమ్మల్ని వరుసగా నడిపించుకుని జనగామ స్టేషనుకు తీసుకుపోయేవారు. పొడుగాటి ఇనుప కాళ్ళ మీద నిలబడి ఇంజన్లకు నీళ్ళిచ్చే ట్యాంకు, సిగ్నలు స్తంభం, రైలుకట్టకు అవతల రైసుమిల్లు పొగగొట్టం, ఇవీ మా పాఠాలు. జఫర్‌గఢ్ దిక్కు పొలాల్లో పెద్ద కరెంటు టవర్లు లేస్తున్నాయని తెలిసి, సైకిలు మీద పనిగట్టుకుని పోయి చూసొచ్చారు. "పెండ్లిల ఆడబిడ్డలు నడుము మీద చేతులు పెట్టుకొని నిలవడ్డట్టున్నయి బిడ్డా, ఎంత ముద్దుగున్నయో!" అని మరునాడు క్లాసులో మురిసిపోయారు. ఊళ్ళో వాళ్ళు ఆయన్ని చూసి నవ్వుకునేవారు. ఆయనకది పట్టేది కాదు.

నేను ట్యాంకు కాళ్ళు గీయలేక రబ్బరు అరగదీస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని అన్నారు: "ఇనుము గియ్యకు బిడ్డా. ఇనుము నడుమ ఉన్న ఆకాశం గియ్యి. ఇనుము దానంతటదే వస్తది." అలాగే గీశాను. నిజంగానే వచ్చింది.

రిటైరయ్యాక ఒకసారి మహబూబాబాదులో మా ఇంటికొచ్చారు. లోపలికి రమ్మంటే రారే! వీధిలోనే నిలబడి డాబాల మీద కొత్తగా లేచిన టీవీ యాంటెనాలు చూస్తున్నారు. ఎదురింటావిడకు అనుమానమొచ్చి "ఎవరక్కా గాయన, మా ఇంటి దిక్కే చూస్తుండు?" అంది. మా సారని చెప్పి నవ్వాను. ఆ రోజైనా ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటుంది. టీ ఇచ్చాను, కబుర్లు చెప్పాను, అది మాత్రం చెప్పలేదు. అరవై తొమ్మిది నాటి సంగతి.

సారుకొక పట్టింపు ఉండేది. బొమ్మ మూలన వేళ రాయాలి, వేళను బట్టే నీడ కాబట్టి. మాలో ఎవరికీ గడియారం లేదు. మా బాపు దుకాణం తెరిచేదీ మూసేదీ కూడా రైళ్ళను బట్టే. అందుకని మేమూ "పాసింజరు పోయినంక, ట్యాంకు", "గూడ్సు వచ్చే ముందు, సిగ్నలు" అని రాసేవాళ్ళం.

ఆ ఏడు తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డాయి. పట్టాలు పీకుతారన్న భయంతో స్టేషను దగ్గర పోలీసులను పెట్టారు. నేనప్పుడు ఏడో తరగతి. ఒక సాయంత్రం కంచె పక్కన కూర్చుని గీస్తుంటే కాపలా జమేదారు వచ్చి నోటుబుక్కు లాక్కున్నాడు. మూలనున్న రాతలు చదివాడు. ఆయన ముఖం మారిపోయింది.

కబురందిన సారు పరుగున వచ్చారు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారు.

"ఏంది సారూ గిది? పాసింజరు పోయినంక ట్యాంకును ఏం చేస్తరు?"

"రాసింది పిల్ల, రాయమన్నది నేను. ఏమన్నుంటె నన్నడుగుండ్రి."

"పైకి రాస్త. మీ నౌకరి పోతది, ఎరుకేనా?"

సారుకు నలుగురు పిల్లలు. ఆ జీతం తప్ప ఇంకో ఆధారం లేదు. అయినా, "రాయుండ్రి. గని జర పాసింజరు యాళ్ళదాక నా ఎంబడి నిలవడుండ్రి" అన్నారు.

ముగ్గురం నిలబడ్డాం. గొడవలకు ముందు గీసిన నా బొమ్మలో ట్యాంకు కాళ్ళ నీడ పట్టాలు దాటి, ప్లాట్‌ఫారం బెంచీ కాలిని తాకుతుంది. ఎదుట నీడ ఇంకా పట్టాల మీదే ఉంది. గొడవల్లో బండ్లన్నీ ఆలస్యం, పాసింజరు రానే లేదు. ఇక సారు పని అయిపోయిందనుకుని నేను ఏడుపు ఆపుకుంటున్నాను. నీడ మాత్రం మెల్లగా జరిగింది. పట్టాలు దాటింది. బెంచీ కాలిని తాకింది.

జమేదారు బొమ్మను చూశాడు, నేలను చూశాడు. మళ్ళీ బొమ్మను చూశాడు.

"బండి రాలే గని నీడ వచ్చింది సారూ" అని నోటుబుక్కు నా చేతికిచ్చాడు. "దినాం గిక్కడనే నిలవడుత. గింత మంచిగుంటదని సూడలే."

సారు నవ్వారు. నా భుజం మీద చేయివేసి నడిపించారు. అప్పుడు తెలిసింది, ఆ చేయి వణుకుతోందని. మా దుకాణం దాకా వణుకుతూనే ఉంది. ఒక్కసారి కూడా నా భుజం మీంచి తీయలేదు. ఆ వణుకు నాకు తెలిసిందన్న మాటే ఆయనకు చెప్పలేకపోయాను.