బీరువాలో స్టూలు

మా బాబాయికి అనుమానం. ఫలానా దాని మీదని కాదు, అన్నిటి మీదా. కుర్చీ చూపిస్తే దాని కాళ్లు ఊపి చూస్తాడు. తలుపు తట్టి "నేనే బాబాయ్" అంటే, "నువ్వేనని ఏమిటి నమ్మకం?" అంటాడు. టీ ఇస్తే వాసన చూసి, "ముందు మీరు తాగండి" అని పక్కవాళ్లకిస్తాడు. వాళ్లు తాగి కులాసాగా ఉన్నారని తేలాక తను ఇంకో కప్పు తెప్పించుకుంటాడు.

ఈయన కుర్రతనంలో ఎనిమిది పేజీల దయ్యం బొమ్మల కథ గీశాడు. ఒక ఇల్లు, ఒక చెక్క బీరువా, అందులో ఒక ముసలి దయ్యం. అంతే. అది చదివిన పిల్లలు బట్టలు తీసుకోవాలంటే అమ్మని తోడు పిలిచేవాళ్లట. ఇన్నేళ్లకి ఓ కుర్ర దర్శకుడు దాన్ని సినిమా తీస్తానని వచ్చాడు.

"నా కథే ఎందుకు?" అన్నాడు బాబాయి.

"చిన్నప్పుడు చదివి జడుసుకున్నానండీ."

"జడుసుకున్నవాడివి మళ్లీ ఎందుకొచ్చావు?"

దర్శకుడు దిక్కుతోచక నా వైపు చూశాడు. అన్న కూతుర్ని, ఆయన దగ్గర బొమ్మలకి రంగులు వేసుకునేదాన్ని, నేనేం చెప్పను? చివరికి బాబాయి ఒప్పుకున్నాడు గానీ షూటింగ్ అయ్యేదాకా అక్కడే ఉంటానన్నాడు. కనిపెట్టి ఉండాలట. నన్నూ లాక్కెళ్లాడు.

దయ్యం వేషం ఓ పాత నాటకాల నటిది. చాన్నాళ్లకి దొరికిన వేషం. మోకాళ్లు పట్టేసిన సంగతి బయటపడకుండా పెద్దావిడ నవ్వుతూ, గోడ పట్టుకుని నడిచేది. అలాంటి మనిషిని పట్టుకుని బాబాయి మొదలుపెట్టాడు.

"ఈ కుర్చీ మీద నాకు నమ్మకం లేదు. ముందు ఆవిణ్ణి కూర్చోమనండి."

ఆవిడ కూర్చునేది.

"విరగలేదా? ఇంకాసేపు చూడండి. ఈ టీ కూడా తేడాగా ఉంది, ఆవిణ్ణి తాగమనండి."

నాకు ఒళ్లు మండిపోయింది. "పెద్దావిడ ప్రాణాల మీద ప్రయోగాలేమిటి బాబాయ్?" అని దెబ్బలాడాను. "నీకు తెలీదు, ఊరుకో" అన్నాడు.

బీరువా సీను రానే వచ్చింది. తలుపు తెరుచుకునేదాకా దయ్యం లోపల నిలబడి ఉండాలి. తలుపు తెరిచేసరికి దయ్యం చెక్క పట్టుకుని కిందికి జారిపోయింది.

"ఈవిడ వల్ల కాదు సార్. ఇంకెవర్నైనా పిలుద్దాం" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు.

"నిలబడతాను బాబూ, ఇంకొక్కసారి" అందావిడ. రంగు పూసిన ఆ మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

బాబాయి లేచాడు. "నాకు మొదట్నుంచీ అనుమానమే. మీరు నా కథ సరిగ్గా చూడలేదు. దయ్యాన్ని నిలబెట్టమని ఎవరన్నారు?"

"బొమ్మలో నిలబడే ఉందిగా సార్?" అన్నాడు దర్శకుడు.

"నడుం కింద చూశావా?"

ఎవరూ చూడలేదు. అచ్చులో అక్కడంతా నల్లటి మసే.

"స్టూలు మీద కూర్చుంది. ఏళ్ల తరబడి బీరువాలో ఉండేది, నిలబడి ఏం చేస్తుంది?"

దర్శకుడు తల గోక్కున్నాడు. "అయితే రేపొచ్చి అసలు బొమ్మ చూస్తానండీ."

ఆ బొమ్మ నేను దూరంనుంచి చూశాను. అసలు బొమ్మలో దయ్యం రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి బాబాయి బల్ల ముందు వంగి కూర్చున్నాడు. నా నీడ కూడా పడనివ్వని ఆ పేజీ మీద, దయ్యం కాళ్లకి తెల్లరంగు పూసి, స్టూలు గీస్తున్నాడు!

"బాబాయ్!"

"అరవకు. నాలుగో కాలు కుదరడం లేదు."

"ఆవిడ కోసమా?"

"ఎవరి కోసమూ కాదు. ఆ మేనేజరు మీద నాకు అనుమానం."

ఆ కుర్చీలూ టీలూ ఎందుకో నాకప్పుడు వెలిగింది. ఆయన మీద ఇంత ప్రేమ పొంగుకొచ్చింది. చెబితే దాన్నీ అనుమానిస్తాడని నోరు మూసుకున్నాను.

అంతలో దర్శకుడు వచ్చేశాడు. వంగి చూశాడు. స్టూలు మీద వేలు పెట్టాడు. వేలు నల్లగా అయింది. వేలు వంక చూశాడు, నా వంక చూశాడు, పైకప్పు పరీక్షిస్తున్న బాబాయి వంక చూశాడు. వేలు నెమ్మదిగా జేబురుమాలుకి తుడుచుకుని మేనేజరుకి ఫోన్ చేశాడు.

"బొమ్మలో స్టూలే ఉందయ్యా. ఓ స్టూలు తెప్పించు. పెద్దావిడే చేస్తారు. స్టూలు మీదికి మెత్త కూడా చూడు."

అతను వీధి మలుపు తిరిగేదాకా బాబాయి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"మెత్త నేను గియ్యలేదు కదే?"

"లేదు బాబాయ్."

"మరి వాడెందుకు అడిగాడు? ఈ కుర్రాడి వాలకం చూస్తే నాకేదో అనుమానంగా ఉంది."