సూటుబాబు తడవని జుట్టు

ఈమధ్య ఏలూరులో మిరపకాయ బజ్జీలో వాము పెట్టడం మానేశారు. శనగపిండి ఉంది, ఉప్పు ఉంది, పైన ఉల్లిపాయలూ నిమ్మరసమూ కూడా ఉన్నాయి, వాము లేదు. బండి అబ్బాయిని అడిగితే "ఎవరూ అడగట్లేదండీ" అన్నాడు. నేను అడుగుతున్నాను కదా అంటే, మీరొక్కరే కదండీ అని ఎంతో మర్యాదగా చెప్పి తర్వాతి వాయ వేశాడు. మొన్న ఆదివారం మా నాగరత్నం అత్తయ్యని సినిమాకి తీసుకెళ్తూ హాలు ముందు ఆగినప్పటి సంగతి ఇది. వాము లేకపోయినా కాగిన నూనె వాసన మాత్రం పాతదే. అది ముక్కుకి తగలగానే ఆకివీడులోని రేకుల హాలూ, దాని గోడవారన బజ్జీల పొయ్యీ, తెరమీద సూటుబాబూ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

సూటుబాబు అంటే ఒక గూఢచారి. అసలు పేరు పోస్టరు మీద ఉండేది కానీ మాకు నోరు తిరిగేది కాదు. ఎడారిలో ఉన్నా ఓడలో ఉన్నా సూటు విప్పేవాడు కాదు కాబట్టి మా వైపు అందరికీ సూటుబాబే. ఏ దేశంవాడో తెలియదు, తెలుగు మాత్రం రేడియో వార్తలంత శుభ్రంగా మాట్లాడేవాడు. బొమ్మ తర్వాత బొమ్మ, అప్పట్నించీ వస్తూనే ఉన్నాడు. మధ్యలో కొన్నిసార్లు మనిషే మారిపోయాడు. సినిమాలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. "ఇంట్లోవాళ్లైనా అడగరా?" అని అత్తయ్య చాలాకాలం బాధపడింది.

మా ఊరు కలిదిండి అవతల, చేపల చెరువుల మధ్య. వానాకాలంలో గట్లు జారి చెప్పులు చేత్తో పట్టుకుని బడికి వెళ్లడం, చలికాలం పొద్దున్న మంచులో కొంగ ఏదో గట్టుమీద కూర్చున్న మనిషెవరో తెలియకపోవడం, వేసవిలో ఎండిన బురద వాసనా తాటిముంజెల వాసనా ఒకే గాలిలో రావడం, చేపలు పట్టిన రోజున ఇంటింటా మామిడికాయ వేసిన పులుసు కుతకుతమనడం, ఇవే మాకు తెలిసిన రుతువులు. చెరువు మొత్తానికి వల వేసి లాగే జట్టులో నాన్న ఉండేవారు. ఆయన అక్కే మా అత్తయ్య. ఆవిడ గట్టుమీద వలతోపాటు నడిచేది. ఆవిడ పని చూడటం. వల ఎక్కడ తెగిందో, నీళ్లు ఎక్కడ తేడాగా కదిలాయో కనిపెట్టి "చిల్లు!" అని కేక పెట్టాలి. కేక వినగానే లాగేవాళ్లంతా ఆగేవాళ్లు, ఆవిడ మొలలోతు నీళ్లలోకి దిగి తెగినచోట దారంతో కుట్టేది, మళ్లీ లాగేవాళ్లు. చిల్లు చెప్పినందుకు ఎవరైనా ఆవిడమీద కోప్పడగా నేను చూడలేదు. చెప్పకపోతేనే కోపం.

చేపలు పట్టిన మర్నాడు జట్టంతా పిల్లలతో సహా ఆకివీడు వెళ్లి సినిమా చూసేది. అత్తయ్య అక్కడికి కూడా ఆ కళ్లతోనే వచ్చేది, ఆ గొంతుతోనే. సూటుబాబు సముద్రంలో దూకి, నీటికింద ఈది, ఓడెక్కి, విలన్‌తో మాట్లాడటం మొదలుపెట్టేసరికి జుట్టు పొడిగా, పాపిడి తీసినట్టుగా ఉండేది. "చిల్లు!" పగిలిన కారు అద్దం మలుపు తిరిగేసరికి అతుక్కునేది. "చిల్లు!" మనుషుల్ని పీక్కుతినే చేపలివి అని విలన్ ఒక తొట్టె చూపించి తెగ బెదిరిస్తుంటే, "మన చెరువులో బొచ్చెలురా అవి! తవుడేస్తే తింటాయి" అనేది. సూటుబాబు కొత్త ఊళ్లో దిగి దర్జాగా తిరుగుతుంటే, "ఒక్కడైనా ఎవరబ్బాయివి బాబూ అని అడగడేంటి? మనూళ్లో అయితే సాయంత్రానికి ఇంటిపేరు కూడా లాగుదుం" అనేది. అన్నీ సరైన చిల్లులే అని చెప్పను. మంచుకొండ మీద ఎండ కాస్తే అదీ చిల్లే అంది, ఎండలో మంచు నిలవదని. బళ్లో చదివింది చెప్పబోతే "నువ్వెళ్లి చూసొచ్చావా?" అంది. నేను వెళ్లలేదు. ఇప్పటికీ వెళ్లలేదు కాబట్టి ఆ విషయం ఇంకా తేలలేదు.

హాలు మేనేజరుకి ఇదంతా నచ్చలేదు. జనం బొమ్మ చూడటం మాని చిల్లులు వెతుకుతున్నారని ఆయన బాధ. ఒక వేసవిలో కొత్త సూటుబాబు బొమ్మ వచ్చినప్పుడు గేటు దగ్గరే ఆపేశాడు.

"ఏవండీ నాగరత్నం గారూ, నోరెత్తనని మాటిస్తేనే లోపలికండీ."

"టిక్కెట్టు కొన్నానా? కొన్నాను. చూడమన్నారా? చూస్తాను. కనపడింది చెప్పొద్దంటే ఎట్టాగండీ? కళ్లు కూడా ఇక్కడే పెట్టి వెళ్లమంటారా?"

"మీ ఇష్టమండీ."

"అక్కా, ఈ ఒక్క ఆటకి ఊ అనెయ్యవే" అని నాన్న బతిమాలారు.

"అనను. పిల్లల్ని నువ్వు తీసుకెళ్లు. నేను బజ్జీలు తింటాను."

వెళ్లి గోడవారన పొయ్యి దగ్గర బల్లమీద కూర్చుంది. ఏడాదంతా బురదలో నడిచే ఆ మనిషికి ఉన్న సరదా సూటుబాబు ఒక్కడే. అతన్ని చూడాలంటే చూడనట్టు ఉండాలన్నారు. ఆవిడ చూడటమే మానుకుంది. మేము తలలు వంచుకుని లోపలికి వెళ్లాం.

ఇక్కడ నాన్న సంగతి కొంచెం చెప్పాలి. ఆయన గేదెని కూడా "జరగండమ్మా" అనే రకం. అక్క హాల్లో కేక పెట్టినప్పుడల్లా తువ్వాలు మొహమ్మీదికి లాక్కునేవారు. ఆ రోజు తెరమీద సూటుబాబు కాలువలో పడ్డాడు, మొసలితో చాలాసేపు పెనుగులాడాడు, గెలిచి ఒడ్డుకొచ్చాడు. జుట్టు పొడిగా ఉంది. ముందువరసల వాళ్లంతా వెనక్కి తిరిగి అత్తయ్య కూర్చునే చోటికేసి చూశారు. అది ఖాళీగా ఉంది. అప్పుడు నా పక్కన బెంచీ కిర్రుమంది. నాన్న లేచి నిలబడ్డారు, తువ్వాలు భుజమ్మీద సర్దుకున్నారు, గొంతు సవరించుకున్నారు.

"చిల్లండీ" అన్నారు.

మెల్లగానే అన్నారు. కానీ వలజట్టుకి ఆ మాట వినపడితే చాలు. నేల, బెంచీ, కుర్చీ తేడా లేకుండా హాలు హాలంతా అందుకుంది. ఆ కేక రేకులు దాటి బజ్జీల పొయ్యి దాకా వెళ్లింది. మేనేజరు టార్చిలైటు వేసి ఎవరెవరని వెతికాడు. అందరినీ పంపేస్తే బొమ్మ కుర్చీలకి వెయ్యాలి, అందుకని లైటు ఆర్పేశాడు. ఆట అయ్యాక బయటికొస్తే అత్తయ్య అడిగింది ఒకటే: "జుట్టేనా?"

"జుట్టే అక్కా" అన్నారు నాన్న.

తర్వాతి బొమ్మకి ఆవిణ్ణి గేటు దగ్గర ఎవరూ ఏ మాటా అడగలేదు.

సినిమాని సినిమాలా చూడాలని నాకు చాలామంది చెప్పారు. తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే కాలేజీలో అయితే, ఇంత చదువుకుని జుట్టు గురించి మాట్లాడతారేంటండీ అని జాలిపడ్డారు. నేను ఒప్పుకోను. ఇష్టం లేనివాడికి సూటుబాబు జుట్టు తడిస్తేనేం, ఎండితేనేం, అసలు లేకపోతేనేం? ప్రతి బొమ్మకీ టిక్కెట్టు కొని, కళ్లార్పకుండా చూసి, బయటికొచ్చి వారం రోజులు తిట్టుకున్నవాళ్లం మేము. అంతకన్నా గౌరవం అతనికి వాళ్ల దేశంలో కూడా జరిగి ఉండదు.

రేకుల హాలు ఇప్పుడు ఐసు గోడౌను. నాన్న లేరు. జట్టులో మిగిలినవాళ్లు సూటుబాబుని ఎవరి ఫోనులో వాళ్లు చూసుకుంటున్నారు. చిల్లు కనపడినా ఎవరితో చెప్తారు? అత్తయ్య మా ఇంట్లోనే, తాడేపల్లిగూడెంలో ఉంటుంది. కంటి ఆపరేషను అయ్యాక కూడా ఆవిడకి తెర మసకే. అయినా కొత్త బొమ్మ ఏలూరులో పడిందని తెలిసి ముందురోజే చీర ఇస్త్రీ చేయించుకుంది. సీట్లో కూర్చోగానే నా చెయ్యి పట్టుకుని, "నాకు సరిగ్గా ఆనట్లేదురా. ఇవాళ నువ్వు చెప్పాలి" అంది.

కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాను. చివరికి సూటుబాబు, ఇతను మరో కొత్తవాడు, నదిలో దూకి పైకి లేచాడు.

"జుట్టు?" అంది అత్తయ్య.

"తడిసింది అత్తయ్యా."

"పాపిడి?"

"చెదిరిపోయింది. సూటు కూడా ఒంటికి అతుక్కుంది. ముక్కు చివర నీటిచుక్క ఉంది, కెమెరా అటు తిప్పి ఇటు తిప్పినా అది అక్కడే ఉంది."

వెనకసీటు వాళ్లెవరో ష్ అన్నారు. అత్తయ్య పట్టించుకోలేదు. నేను ఇంకో రెండు సీన్లు ఒళ్లంతా కళ్లు చేసుకుని చూశాను.

"చిల్లు లేదు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. గట్టుమీద నించి పిలిచే గొంతుతో, హాలంతటికీ వినపడేలా అంది:

"నువ్వు సరిగ్గా చూడట్లేదురా."